వద్దు నొక్కించే అక్క

కొత్త లాప్‌టాప్ తెరిచి పావుగంట కాలేదు. తెర మూల నుంచి ఎర్రటి డబ్బా ఒకటి పైకి లేచి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, నెల రోజులు ఉచితంగా కాపాడతాం, ఒప్పుకోండి అంది. దాన్ని మూసేలోపు ఇంకోటి వచ్చి, మీ ఫోటోలన్నీ మా దగ్గర దాచుకోండి అంది. నేను అడగని ఆటలు, నాకు అక్కరలేని షాపింగు బొమ్మలు, వేగం పెంచుతానని చెప్పి కంప్యూటర్‌ని ఎద్దుబండిలా నడిపించేది ఒకటి, అన్నీ నాకంటే ముందే అందులో కాపురం పెట్టి ఉన్నాయి. నేను కష్టపడి కొనుక్కున్న వస్తువులో వీళ్లెవరు? ఒళ్లు మండింది. ఒళ్లు మండగానే అక్క గుర్తొచ్చింది.

అక్క పోయి రెండు నెలలైంది. ఆమె పేరు ఇక్కడ రాయను, బోధన్‌లో అడిగితే ఎవరైనా చెబుతారు. ఆమె ఎవరి మీద పగపట్టిందో ఆ సేటు పేరు కూడా రాయను. రాస్తే ఆయన కొట్టుకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది, నాకు ఆ ఉద్దేశం లేదు.

నేను ఎడపల్లిలో టీచర్ని, ఉండేది నిజామాబాద్‌లో. కొన్నేళ్ల కింద మొదటి లాప్‌టాప్ అక్కడే, సేటు కంప్యూటర్ కొట్టులోనే కొన్నాను. డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే, ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద నుంచి ఒకామె చెయ్యి ఊపి పిలిచింది. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, ఒళ్లో గుడ్డసంచి. చీటీలు వేయించే ఆమో, ఇన్సూరెన్సు ఆమో అనుకున్నాను.

"చెల్లె, ఇంటికి పోయినంక తెరువకు, ఇక్కడనే తెరువు. కలుపు మొలక మీదున్నప్పుడే తియ్యాలె," అంది.

ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె గొంతులో అధికారం అలాంటిది. లాప్‌టాప్ తెరిపించింది కానీ తాను ముట్టుకోలేదు. ఎవరి కంప్యూటర్ వాళ్ల వేలితోనే శుభ్రం కావాలని ఆమె పట్టుదల. తాను పక్కన కూర్చుని, అద్దాలు పెట్టుకుని, తెర మీద ఇంగ్లీషులో వచ్చే ప్రతి ప్రశ్ననూ మన భాషలోకి మార్చి గట్టిగా చదివేది. నన్ను తీసేస్తవా అంటున్నది, తీసేస్త అను. నిజంగనే తీసేస్తవా, మల్లొక్కసారి ఆలోచన చేస్కో అంటున్నది, సిగ్గులేనిది, నొక్కు. నేను లేకుంటే నీ కంప్యూటర్ ఏమైతదో అని బెదిరిస్తున్నది, కానియ్యి అను. చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని మా చుట్టూ చేరారు. ధర్మాబాద్ వైపు నుంచి సామాన్లకు వచ్చిన మరాఠీ వాళ్లు ఎవరైనా చిక్కితే, వాళ్లతో వాళ్ల భాషలోనే నకో, నకో అని వద్దు నొక్కించేదట.

కొన్ని పోతూ పోతూ, మమ్మల్ని ఎందుకు తీసేస్తున్నారో చెప్పండి అని ఒక గడి చూపిస్తాయి. లోకమంతా ఆ గడిని వదిలేస్తుంది. అక్క వదలదు. ఆ ఒక్కచోట మాత్రం లాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుని, తెలుగు తిట్లను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తూ, దాన్ని తయారుచేసినవాడి ఏడు తరాలనూ పలకరించేది. ఎవరు చదువుతారక్కా అని అడిగాను.

"సదవనియ్యి, సదవకపోనియ్యి. నేనైతే చెప్పిన," అంది.

అంతా అయ్యాక హోటల్ కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. నా చేత కూడా కడిగించింది. పైసా తీసుకోలేదు, నేను ఇప్పిస్తానన్న చాయ్ మాత్రం తాగింది. కానీ ఉండనియ్యి అక్కా, ఎప్పుడైనా పనికొస్తది అన్నవాళ్ల చాయ్ ఆమె తాగేది కాదు. ఆ మాట వింటే ఆమెకు సేటు మీద ఉన్నంత కోపం వచ్చేది. చిరిగిన గొడుగునూ పగిలిన బకెట్‌నూ అటక మీద దాచుకునే బుద్ధి మనది, ఆ బుద్ధి మీదనే వీళ్లు బతుకుతున్నారు అనేది.

ఇదంతా ఎందుకు చేస్తోందో ఆ తర్వాత బోధన్‌లో, ఆమె సెంటర్లో కూర్చున్నప్పుడు తెలిసింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరుకు బండ్లు వరస కట్టే రోడ్డు మీద ఆమెకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉండేది. నేను స్కూలు పరీక్ష పేపర్లు అక్కడే టైపు చేయించేదాన్ని. వెళ్లినప్పుడల్లా ముందు అడిగే మాట ఒకటే, ఇయ్యాల ఏం పాఠం చెప్పినవ్ అని. చెప్పేదాకా పని మొదలుపెట్టేది కాదు. మధ్యలో ఆపి, పిల్లలకు అర్థమైందా, ఎవరన్నా ప్రశ్న అడిగిండ్రా అని ఆరా తీసేది. మొదట్లో మర్యాదకు అడుగుతోందనుకున్నాను.

అక్క బీఈడీ చదివింది. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ పడేనాటికి, వయసు దాటిపోకముందు ఆమెకు అదే ఆఖరి అవకాశం. దరఖాస్తు పెట్టుకోవడానికీ, సెంటర్ నడుపుకోవడానికీ పనికొస్తుందని భర్త సేటు దగ్గర కంప్యూటర్ కొని తెచ్చాడు. అత్త పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. మన ఇళ్లలో సంగతి తెలిసిందే కదా. శుభమా అని కూర్చున్నప్పుడు లేదు, వద్దు, కాదు అనే మాటలు నోట రాకూడదు. నూనె అయిపోతే నిండుకుంది అంటాం, ఇంట్లోంచి కదిలేవాళ్లం పోయొస్తం అంటాం. కంప్యూటర్ మొదటిసారి తెరుచుకుని ఒకదాని వెంట ఒకటి ఒప్పుకుంటారా అని అడుగుతుంటే, అత్త వెనక నుంచి, మంచి గడియల వద్దు నొక్కకు బిడ్డా, అన్నిటికీ ఊ అను అంది. అక్క అన్నిటికీ ఊ అంది.

తహసీల్ ఆఫీసు నుంచి రావలసిన సర్టిఫికెట్ ఒకటి ఆఖరి రోజు మధ్యాహ్నం చేతికొచ్చింది. అక్క పరుగున వచ్చి కూర్చుని దరఖాస్తు మొత్తం నింపింది. ఫీజు కట్టే పేజీ తెరవగానే ఎర్ర డబ్బా తెర నిండా పరుచుకుంది. ఉచిత గడువు అయిపోయింది, ఈ పేజీ ప్రమాదకరం, పైసలు కడితేనే వదులుతాను అని. దాన్ని మూస్తే మళ్లీ వచ్చింది. వేగం పెంచేది అప్పుడే మేలుకుని కంప్యూటర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. తెర తిరిగి వెలిగేసరికి గడువు దాటిపోయింది. అక్క టీచర్ కాలేదు. జరిగింది అంతే. చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు, పళ్లు మాత్రం బిగిశాయి.

మర్నాడు ఆ కంప్యూటర్ మోసుకుని నిజామాబాద్ వెళ్లి సేటును అడిగింది. సేటు మెత్తని మనిషి, అమ్మా అనకుండా ఆడవాళ్లతో మాట్లాడడు. "కంపెనీ నుంచే గట్ల వస్తదమ్మా. చదువుకున్నదానివి గదా, చదవకుంటనే నొక్కితివా?" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు ఆమె లోపల ఎక్కడో దిగబడిపోయింది. తర్వాత ఎవరో హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన అదే కంపెనీ, అదే రకం కంప్యూటర్ బాగుచేయించడానికి ఆమె దగ్గరికి తెచ్చారు. అందులో ఈ చెత్త సగం కూడా లేదు. మిగతా సగం సేటు కొట్టు వెనక గదిలో ఎక్కించిందని, దానికి ఆయనకు కమిషన్ ముడుతుందని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన్ని మీరు అనడం మానేసింది. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి ఆ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆమెకు కావలసింది ఒకటే. నేనే పెట్టిన అని సేటు నలుగురిలో తన నోటితో చెప్పాలి. అంతకు తక్కువ దేనికీ ఆమె దిగిరాలేదు. సేటు కొత్త కంప్యూటర్ ఇస్తానని కబురు పంపాడు. ఆమె అదే మనిషితో, నేనే పెట్టిన అనమను అని తిరుగు కబురు పంపింది. ఆమెను బెంచీ మీద కూర్చోనివ్వొద్దని ఆయన హోటలతన్ని అడిగాడు. హోటలతని కొడుకు లాప్‌టాప్‌కి అంతకు ముందు వారమే కలుపు తీయించింది అక్క. చివరికి ఒక కానిస్టేబుల్‌ని పంపితే, అతను వచ్చి విని వెళ్లి, మరుసటి ఆదివారం తన లాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

ఒకసారి ఎడపల్లిలో నా విద్యార్థి ఇంటికి ఆమెను తీసుకెళ్లాను. కొత్త కంప్యూటర్ దగ్గర అవ్వ హారతి పళ్లెంతో సిద్ధంగా ఉంది. అక్క మొదటి మాటే వద్దు నొక్కమంది. అవ్వ ముఖం మాడిపోయింది, మంచి గడియల గదేం మాట అని గునిసింది. అక్క ఏమాత్రం కోప్పడకుండా, "అవ్వా, దిష్టి తీసేటప్పుడు రా రా అంటవా, పో పో అంటవా?" అని అడిగింది. అవ్వ కాసేపు ఆలోచించి పళ్లెం పక్కన పెట్టి, వంటింట్లోంచి ఉప్పూ ఎండు మిరపకాయలూ పిడికిట్లో పట్టుకొచ్చింది. మనవరాలు ఒక్కొక్కటే తీసేస్తుంటే అవ్వ ఆ లాప్‌టాప్ చుట్టూ చెయ్యి తిప్పుతూ పో, పో అంది. అక్క అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

అసలు రోజు చెప్పాలి. మళ్లీ టీచర్ పోస్టుల నోటిఫికేషన్ పడింది. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి గడువు. నేను పరీక్ష పేపర్లతో అక్క సెంటర్‌కు వెళ్లేసరికి నాలుగు దాటింది. బయట బెంచీల మీద పంట నమోదు కాగితాల కోసం వచ్చిన రైతులు కూర్చున్నారు. ఎప్పుడో వలస వచ్చి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్రా రైతులు కొందరు, రుద్రూర్ వైపు వాళ్లు కొందరు. లోపల అక్క పక్కన ఒక అమ్మాయి నిటారుగా కూర్చుని ఉంది, ఒళ్లో హ్యాండుబ్యాగు. ముందు బల్ల మీద ఆమె లాప్‌టాప్, దాని తెర నిండా ఎర్ర డబ్బా.

ఆ అమ్మాయి సేటు కూతురని అక్క నాతో మామూలుగా చెప్పింది. బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతుందట. దరఖాస్తు మధ్యలో లాప్‌టాప్ మొరాయిస్తే తోటి టీచర్లు ఇక్కడికి పంపారట. తండ్రికి ఫోన్ చేస్తే కారులో బయల్దేరాడట. అక్క చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సేటు చెమటలు కక్కుతూ వచ్చాడు. అక్కను చూసి ఆగిపోయాడు. తర్వాత లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఎక్కడెక్కడో నొక్కాడు. ఒక డబ్బా పోతే దాని వెనక ఇంకో డబ్బా వచ్చింది. ఎక్కించడం ఆయన మనుషులకు తెలుసు, దించడం ఎవరూ నేర్చుకోలేదు. ఊళ్లో మిగతా సెంటర్లన్నీ జాతరలా ఉన్నాయి, నిజామాబాద్ తిరిగి వెళ్లే వ్యవధి లేదు. ఆయన అక్క వైపు తిరిగి, అమ్మా, జర చూడమ్మా అన్నాడు.

"ఇవి ఎవరు పెట్టిండ్రు సేటూ?"

"కంపెనీ నుంచే గట్ల వస్తదమ్మా."

అక్క గోడ గడియారం వైపు చూసి, నా పరీక్ష పేపర్ అందుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. నేను ఉండబట్టలేక వంగి, పిల్ల బతుకక్కా, పగ తర్వాత తీర్చుకో అన్నాను. నా వైపు కూడా చూడలేదు. ఆ అమ్మాయి ఏడవలేదు, మాట్లాడలేదు. భయంతో బిగుసుకుపోయిందనుకున్నాను. నిమిషాలు గడుస్తుంటే నాకు అక్క మీద అసహ్యం పుట్టింది. సేటు ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి బిడ్డను చూశాడు. తలదించుకుని, నేనే పెట్టిన అని గొణిగాడు.

"బయటోళ్లకు ఇనబడాలె," అంది అక్క.

"నేనే పెట్టిన. కమిషన్ ఇస్తరు, అందుకే పెట్టిన," అని అరిచినట్టే అన్నాడు. బయట మాటలు ఆగిపోయాయి. ఆన్‌లైన్ పాఠాల కాలంలో పిల్లలకని ఆయన దగ్గర లాప్‌టాప్‌లు కొన్నవాళ్లు ఆ బెంచీల మీదే ఉన్నారు. ఒక్కొక్కరే లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. అక్కకు అదీ సరిపోలేదు.

"ఆనాడు నన్ను ఒక మాట అడిగినవ్. అదే మాట ఇప్పుడు నీ బిడ్డనడుగు."

సేటుకు ఆ మాట గుర్తుంది. గుర్తుందని ఆయన ముఖమే చెప్పింది. ఆయన అడగకపోయినా ఆ అమ్మాయే జవాబు చెప్పింది.

"నేను నొక్కలే డాడీ. పూజ చేసి నువ్వే నొక్కినవ్. మంచి గడియల వద్దు అనొద్దని అన్నిటికీ నువ్వే ఊ అన్నవ్."

ఆ చెత్తను కమిషన్ కోసం ఎక్కించిన మనిషి, అందులో ఏముందో ఈ జిల్లాలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, హారతి వాసన తగలగానే తన బిడ్డ కంప్యూటర్ మీద తానే ఊ అన్నాడు. గుమ్మంలో ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోను. అక్క నవ్వలేదు. తన కంప్యూటర్ తెర మా ఎవరికీ కనపడకుండా తిప్పుకుని, కాసేపు టకటక కొట్టి, పంపిన, దరఖాస్తు టైముకే చేరింది సేటూ అంది. సేటు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఆ అమ్మాయి తన తండ్రి కారు ఎక్కలేదు. బస్టాండు వైపు నడిచి వెళ్లింది. అక్క సెంటర్ మూసేసి, వేడి మిర్చీలు తెప్పించి, నేను చూస్తుండగా కడుపునిండా తిన్నది. మరుసటి ఆదివారం క్యాంపుల రైతులు, రుద్రూర్ రైతులు, ఎడపల్లి వాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సేటు కొట్టు ముందు వరస కట్టారు. పెట్టిన వేళ్లతోనే తీయమన్నారు. సేటు పనివాళ్లను పిలవబోతే ఒప్పుకోలేదు. పొద్దంతా ఆయనే స్టూలు మీద కూర్చుని వద్దు, వద్దు అని నొక్కాడు. ఎదురుగా బెంచీ మీద అక్క చక్కెర ఎక్కువేయించుకుని చాయ్ మీద చాయ్ తాగింది. అంత హాయిగా మనిషి కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు.

అయినా నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. సేటు ఒప్పుకోకపోయి ఉంటే? ఆ పిల్ల దరఖాస్తును కూడా గడువు దాటనిచ్చేదా? ఒకసారి అడిగేశాను. ఒప్పుకున్నడు గదా అని, ఇయ్యాల ఏం పాఠం చెప్పినవ్ అని మాట మార్చింది. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆమెకు కామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మంచం పక్కన కూర్చుని అదే ఆలోచించాను, మళ్లీ అడగలేకపోయాను.

దినాలకు బోధన్ వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నది సేటు కూతురే. ఇప్పుడు ప్రభుత్వ టీచర్, రుద్రూర్ దగ్గర ఉద్యోగం. ఆ రోజు మీరు చాలా భయపడ్డారు మేడం, మీ ముఖం చూసి నాకు పాపం అనిపించింది అంది. నీకు భయం వేయలేదా అని అడిగాను. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నా అప్లికేషన్ డాడీ రాకముందే పోయింది మేడం. నేను పోయి కూసున్న కాసేపటికే అక్క తన కంప్యూటర్ల నుంచి పంపింది. రసీదు అప్పటికే నా బ్యాగుల ఉంది. మా డాడీ ఎవరో నేను అది పంపినంకనే చెప్పిన. అక్క ఏం అనలే, లాప్‌టాప్ తీస్కొని పొమ్మంది. నేనే పోలేదు. డాడీ వస్తుండు అక్కా, పోయిందని చెప్పకు అని నేనే అడిగిన."

ఎందుకని అడిగాను. తన చిన్నప్పుడు అన్నం తింటూ నాన్న ఆ మాట చెప్పి నవ్వేవాడట. బీఈడీ చదివి చదవకుండా నొక్కింది ఒకామె అని. ఇంట్లో అందరూ నవ్వేవారట. ఆ ఒకామె ఎవరో, ఆ బల్ల దగ్గర దరఖాస్తు నింపుతూ అక్క తన సంగతి చెప్పాకే తెలిసిందట. ఆయనకు ఇప్పటికైనా చెప్పావా అంటే, చెప్పలేదు, చెప్పను కూడా అంది. పెరుగన్నం పూర్తిచేసి లేచి వెళ్లి చేయి కడుక్కుంది.

బయట కారు దగ్గర సేటు నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. ఆమె దేవత అమ్మా, ఆనాడు నేను తప్పు ఒప్పుకున్న గనుక నా బిడ్డ బతుకు నిలబడ్డది, ఒప్పుకోకుంటే ఏమైపోతుండెనో, ఇప్పటికీ యాదికొస్తే నిద్రపట్టదు అన్నాడు. ఆయన వెనక కూతురు కారు తలుపు పట్టుకుని నా వైపే చూస్తోంది.

"సరిగ్గ టైముకు ఒప్పుకున్నరు సేటూ," అన్నాను. "ఇంకొక్క నిమిషం ఆగితే పోతుండె."